టికెట్టు కొన్నాక చమురు లెక్క

క్రూజ్ ప్రయాణం చేసొచ్చినవాళ్ళని కదిపితే ఓడలో తిండి గురించీ, గది గురించీ, వైఫైకి కట్టిన డబ్బు గురించీ తలో రకంగా చెబుతారు. ఫ్యూయల్ సర్‌చార్జి మాట ఎత్తితే మాత్రం అందరి గొంతూ ఒకేలా మారిపోతుంది. రోజుకు ఐదారు డాలర్ల దగ్గర అంత కోపం ఎందుకు?

మా ఇంట్లోనే దీని మీద రెండు పక్షాలున్నాయి. మామయ్యది విశాఖపట్నం. సరుకు ఓడల్లో ఛీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మా చెల్లెలు సుధ ఫ్లోరిడాలోని టాంపాలో అకౌంటెంటు. అక్కడి తెలుగువాళ్ళు నాలుగైదు కుటుంబాలు కలిసి ఓడెక్కాలంటే గదులు బుక్ చేసేదీ, డబ్బు పోగుచేసేదీ తనే. ఇద్దరూ కలిసినప్పుడు నడిచిన వాదన ఇది. ఇద్దరికీ విషయం తెలుసు కాబట్టి నేను మధ్యలో పెద్దగా కలగజేసుకోలేదు. నా అభిప్రాయం మాత్రం దాచుకోను.

సుధ: ఈ గొడవ ముదిరింది 2007 నవంబరులో, మామయ్యా. వచ్చే ఫిబ్రవరి నుంచి బయల్దేరే ఓడల్లో మనిషికి రోజుకు 5 డాలర్లు ఇంధనం కింద అదనంగా తీసుకుంటామని క్రూజ్ కంపెనీ కార్నివాల్ ప్రకటించింది. ఒక ప్రయాణానికి 70 డాలర్లు మించదన్నారు. కొద్దిరోజుల్లోనే రాయల్ కరీబియన్ కూడా అదే దారి పట్టింది. వారం రోజుల ప్రయాణానికి భార్యాభర్తల మీద 70 డాలర్లు పడుతుంది. అదేమీ ఇల్లు గుల్లయ్యే మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా కొనేవాళ్ళకే కాదు, నెలల ముందే కొనేసుకున్నవాళ్ళకి కూడా పడింది.

మామయ్య: ఆ ఏడాది చమురు ఏ స్థితిలో ఉందో కూడా చెప్పు మరి. జనవరిలో బ్యారెల్ యాభై, అరవై డాలర్ల మధ్య ఉంది. నవంబరు వచ్చేసరికి వందకు దగ్గరైంది. మరుసటి ఏడాది జూలైలో 147 డాలర్లకు ఎగబాకింది. ఏడాదిన్నరలో రెండింతలు పైనే. ఏ కంపెనీ ఊహించగలదమ్మా? సిబ్బంది జీతాలెంతో ముందే తెలుసు. వంటింటి సరుకులకు ఏడాది ఒప్పందాలుంటాయి. చమురు ఒక్కటే ఎవరి చేతిలోనూ ఉండదు.

సుధ: అది ఎంత పెద్ద ఖర్చని?

మామయ్య: ఇంజన్ రూములో నిలబడితే తెలుస్తుంది. పెద్ద క్రూజ్ ఓడ పరుగు మీదుంటే రోజుకు నూటయాభై టన్నులు తాగడం మామూలే. పైగా ఆ ఓడల్లో ఎక్కువగా వాడింది మనం బంకులో కొట్టించే డీజిల్ కాదు. శుద్ధి కర్మాగారంలో పెట్రోలూ, డీజిలూ తీసేశాక అడుగున మిగిలేది. చల్లగా ఉంటే తారులా కదలదు. వంద డిగ్రీలు దాటించి వేడిచేస్తే గానీ సిలిండరులోకి పిచికారీ కాదు. సరుకు ఓడకు ఒక వెసులుబాటుంది. చమురు ప్రియమైతే వేగం తగ్గించుకుంటాం. వేగం పది శాతం తగ్గితే ఇంజను అడిగే శక్తి పాతిక శాతం పైనే తగ్గుతుంది. సరుకు రెండ్రోజులు ఆలస్యంగా చేరితే కంటెయినరు ఏడవదు. క్రూజ్ ఓడ అలా చేయలేదు. పొద్దున ఏడింటికి బహామాస్‌లోని నసావులో ఉంటానని చెప్పాక ఉండి తీరాలి. రేవులో కదలకుండా ఉన్నా జనరేటర్లు ఆగవు. వేలమందికి ఏసీ, వంటశాలలు, ఫ్రీజర్లు, లిఫ్టులు, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రాలు అన్నీ నడవాలి. ఒక ఊరికి సరిపడా కరెంటు ఆ చమురుతోనే పుట్టాలి.

సుధ: లెక్క వేద్దాం. కార్నివాల్ కొన్న చమురు 2007లో సగటున టన్ను 360 డాలర్ల దగ్గరుంది. 2008లో 550 దాటింది. టన్నుకు సుమారు 200 పెరిగిందనుకుందాం.

మామయ్య: మంచిది. నూటయాభై టన్నులకు రోజుకు ముప్పై వేల డాలర్లు అదనం. ఓడలో మూడు వేలమంది ఉన్నారు, అందరి దగ్గరా ఐదేసి తీసుకున్నారనుకో. పదిహేను వేలు. సగం ప్రయాణికుడు, సగం కంపెనీ. దీన్ని దోపిడీ అంటావా?

సుధ: దోపిడీ అనలేదు. కంపెనీ ఖాతాలు కూడా చూశాను. కార్నివాల్ చమురు ఖర్చు 2007లో 110 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటే 2008లో 177 కోట్లకు చేరింది. నిజంగానే పెద్ద దెబ్బ. అయినా నికర లాభం 240 కోట్ల నుంచి 230 కోట్లకు మాత్రమే తగ్గింది. అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఖరీదైన చమురు కొన్న ఏడాదిలో కూడా కంపెనీ నిలబడింది.

మామయ్య: లాభం వస్తోంది కాబట్టి నష్టం నువ్వే భరించు అనడం వ్యాపారంలో నడవదు. రేపు నష్టం వచ్చిన ఏడాది నీ దగ్గరకొచ్చి చేయి చాస్తే ఇస్తావా?

సుధ: ఇవ్వను. అందుకే నా వాదన లాభం మీద లేదు. మీకు లెక్క చెప్పింది ఇంకోటి తేల్చడానికి. పెరిగిన ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, అందులో సందేహం లేదు. ఎప్పుడు చెప్పి తీసుకున్నారన్నదే నా పేచీ. ఆ ఏడాది అమ్మానాన్నలు అమెరికా వచ్చారు, మామయ్యా. ఇంకో మూడు కుటుంబాల పెద్దవాళ్ళు కూడా. అందరికీ కలిపి బహామాస్ ఓడ బుక్ చేశాను. ఏ కంపెనీ అన్నది అనవసరం. గది ఎంత, పన్నులెంత, టిప్పులెంత అన్నీ కాగితం మీద రాసి అందరి దగ్గరా డబ్బు తీసుకుని కట్టేశాను. తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇంధనం కింద ఇంత కట్టాలని. మళ్ళీ ఇంటింటికీ ఫోన్ చేసి డబ్బడగాలి. వాళ్ళలో ఒక పెద్దాయన ఒక్క మాట అన్నారు: "అమ్మా, మొదటిసారి చెప్పిన లెక్కలో ఇది లేదు కదా." ఆయన నన్ను అనుమానించలేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కంపెనీ మాట తప్పితే ఆ మాట మోసినదాన్ని నేను. ఏజెంట్లందరిదీ ఇదే పరిస్థితి. వాళ్ళ కమీషన్ అసలు ధర మీదే వస్తుంది, ఇలాంటి విడి ఛార్జీల మీద సాధారణంగా రాదు. కమీషన్ లేని డబ్బును, తమ మీద తమ ఖాతాదారుకున్న నమ్మకాన్ని ఖర్చుపెట్టి వసూలు చేసిపెట్టాలి.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ప్రయాణికుల కోపాన్ని పిసినారితనంగా తీసిపారేసేవాళ్ళని చాలామందినే చూశాను. ఓడలో అంత ఖర్చుపెట్టేవాడు రోజుకు ఐదు డాలర్ల దగ్గర ఏడవడమేంటంటారు. ఆ మనిషి ఐదు డాలర్ల కోసం బాధపడటం లేదు. బేరం కుదిరింది, డబ్బు చేతులు మారింది, సెలవు మంజూరైంది, విమానం టికెట్లు వచ్చాయి. ఇక వెనక్కి తగ్గలేని స్థితికి చేరాక ధర మారింది. వద్దనుకుంటే కట్టిన డబ్బులో ఎంత పోతుందో అతనికి తెలుసు, కంపెనీకీ తెలుసు. వద్దనే దారి మూసుకుపోయాక అడిగినందుకే అతని బాధ.

మామయ్య: టికెట్టు కాంట్రాక్టులో క్లాజు ఉంటుంది. ఇంధనం ధర పెరిగితే అదనంగా తీసుకునే హక్కు మాకుంది అని. చదవకుండా సంతకం పెట్టి, తర్వాత మోసం అంటే ఎలా?

సుధ: కొండవీటి చాంతాడంత కాంట్రాక్టు అది. ఎక్కడో మధ్యలో ఒక వాక్యం. సరే, ఉందనే అనుకుందాం. అప్పటి ఫ్లోరిడా అటార్నీ జనరల్ బిల్ మెకొల్లమ్ దాన్నే పట్టుకున్నారు. ముందే బుక్ చేసుకున్నవాళ్ళ మీద కొత్త ఛార్జీ వేయడం ఏ న్యాయమని విచారణ మొదలుపెట్టారు. 2008లో రాయల్ కరీబియన్ రెండు కోట్ల డాలర్లకు పైగా తిరిగివ్వడానికి ఒప్పుకుంది. తర్వాత కార్నివాల్ నాలుగు కోట్లు. ప్రకటన వెలువడక ముందే బుక్ చేసుకున్నవాళ్ళ డబ్బది. క్లాజు అంత గట్టిదైతే ఎందుకు వెనక్కిచ్చారు?

మామయ్య: కోర్టుకెళ్ళి పరువు పోగొట్టుకోవడం కన్నా ఇదే చవక అనుకుని ఉంటారు. ఒప్పుకున్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. నువ్వు చూడని రెండో సగం చెప్పనా? వెనక్కిచ్చింది పాత బుకింగులకే. కొత్తగా బుక్ చేసుకునేవాళ్ళ దగ్గర సర్‌చార్జి తీసుకుంటూనే ఉన్నారు. కార్నివాల్ దాన్ని తొమ్మిది డాలర్ల దాకా పెంచింది. జనం ఓడలెక్కడం మానలేదు. అంటే సర్‌చార్జి మీద జనానికి అభ్యంతరం లేదనే కదా.

సుధ: అదే నేను చెబుతున్నది కూడా. ముందే తెలిస్తే అభ్యంతరం లేదు. ఇష్టమున్నవాడు ఎక్కుతాడు, లేనివాడు ఇంకో సెలవు చూసుకుంటాడు. కానీ ముందే తెలిసేటప్పుడు దాన్ని వేరే గీత కింద ఎందుకు రాయాలి? టికెట్టు ధరలోనే కలిపేయొచ్చుగా. కలపరు. ఎందుకంటే ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేసే అంకె చిన్నదిగా కనబడాలి. ఈ అలవాటు చమురుతో మొదలవలేదు. తొంభైల్లో పోర్టు ఛార్జీలని విడిగా రాసి అందులో ప్రభుత్వానికి కట్టేదే కాక తమ ఖర్చులూ కలుపుకునేవారు. 1997లో ఫ్లోరిడా ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక, ఆ పేరుతో తీసుకునేది నిజంగా ప్రభుత్వ సంస్థలకు కట్టేదే అయ్యుండాలన్న ఒప్పందం కుదిరింది. పదేళ్ళకు అదే ఫ్లోరిడాలో మళ్ళీ ఇది.

మామయ్య: విడిగా రాయడంలో నాకొక మంచి కనబడుతుంది. టికెట్టు ధరలో కలిసిపోయినది మళ్ళీ బయటికి రాదు. సర్‌చార్జి విడిగా ఉంటే తీసేయమని అడగొచ్చు. 2008 చివరికి బ్యారెల్ నలభై కిందికి పడింది. అప్పుడు తీసేశారా లేదా? 2009 ప్రయాణాలకు ముందే కట్టినవాళ్ళకి కూడా, చమురు ఫలానా ధర కంటే కిందుంటే వెనక్కిస్తామన్నారు. మన ఇండిగో చూడు. 2023 అక్టోబరులో విమాన ఇంధనం ప్రియమైందని దూరాన్ని బట్టి 300 నుంచి 1000 రూపాయల దాకా ఫ్యూయల్ ఛార్జి పెట్టింది. 2024 జనవరి మొదటివారంలో ఇంధనం తగ్గిందని ఎత్తేసింది. అది ధరలోనే కలిసిపోయి ఉంటే ఏ రోజు ఎంత తగ్గిందో నీకూ నాకూ తెలిసేదా?

సుధ: ఇండిగో సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. అది అప్పటి నుంచి కొనే టికెట్లకు. అంతకుముందు కొన్నవాళ్ళ జోలికి వెళ్ళలేదు. పైగా దూరాన్ని బట్టి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళేవాడికి ఒకటి, ఢిల్లీ వెళ్ళేవాడికి ఒకటి. క్రూజ్ సర్‌చార్జిలో ఆ లెక్క ఎక్కడుంది? కొత్త ఓడ అయినా, పాత ఓడ అయినా అంతే. రోజంతా సముద్రం మీద పరిగెత్తినా, రేవులో కట్టేసి ఉన్నా అంతే. కార్నివాల్ మొదట వేసిన ఛార్జి గదిలో తొలి ఇద్దరికే, మూడో మనిషికీ నాలుగో మనిషికీ లేదు. వాళ్ళకి ఏసీ అక్కర్లేదా? వాళ్ళ బరువును ఓడ మోయడం లేదా? చమురు లెక్కే అయితే అందరికీ ఉండాలి. పిల్లలతో వచ్చే కుటుంబం వేరే దగ్గరికి పోతుందేమోనని వాళ్ళని వదిలేశారు. అంటే ఈ అంకె ఇంజన్ రూములో పుట్టలేదు, అమ్మకాల విభాగంలో పుట్టింది.

మామయ్య ఆ మాటకు కాసేపు జవాబివ్వలేదు. ఆయన వాదనంతా ఇంజన్ రూము మీదే నిలబడింది మరి.

మామయ్య: అంతవరకు నిజమే. మనిషికింత అని ఒకే అంకె పెట్టడం మొరటు లెక్క. కానీ మొరటు లెక్క అబద్ధం కాదు.

సుధ: ఇంకో సంగతి. వెనక్కిస్తామన్నది ఎలా ఇచ్చారు? ఓడలో వాడుకునే క్రెడిట్ కింద. నా దగ్గర డబ్బుగా తీసుకుని, వాళ్ళ దుకాణంలో ఖర్చుపెట్టుకోమని తిరిగిచ్చారు. సర్‌చార్జి ఆగింది గానీ క్లాజు పోలేదు. న్యూయార్క్ మార్కెట్టులో బ్యారెల్ 70 డాలర్లు దాటితే మనిషికి రోజుకు 9 డాలర్ల దాకా మళ్ళీ వేసే హక్కు ఉందని కార్నివాల్ రాసుకుంది. 2011 నుంచి 2014 మధ్య దాకా ధర ఎక్కువకాలం తొంభై పైనే ఉంది. వేయలేదు. 2022లో రష్యా యుద్ధం మొదలయ్యాక నూట ఇరవై దాటింది. అప్పటికి కోవిడ్ దెబ్బకు కంపెనీ 3,000 కోట్ల డాలర్లకు పైగా అప్పుల్లో ఉంది. ఓడలు సగం ఖాళీ. అవసరమంటే అదే అవసరం. అప్పుడూ వేయలేదు. అంటే దీన్ని నడిపేది చమురు ధర కాదు. జనం ఓడెక్కడానికి ఎగబడుతున్నారా లేదా అన్నది.

మామయ్య: నువ్వు చెప్పినదాన్నే తిరగేసి చూడు. హక్కుండీ వాడలేదంటే పోటీ వాళ్ళని ఆపింది. పక్క కంపెనీ వేయకపోతే ఈ కంపెనీ వేయలేదు. 2008లో జనం చూపించిన కోపం వాళ్ళకి గుర్తుంది. ఇక చట్టం ఎందుకు?

సుధ: 2007లో పోటీ ఏమైంది? కొద్దిరోజుల తేడాతో పెద్ద కంపెనీలు వేశాయిగా. హక్కు కాగితం మీద ఉన్నంతకాలం ఏదో ఒక రోజు బయటికొస్తుంది. ఈ కంపెనీలకు వేరే దారి లేదా? చమురు ధరను ముందే ఖాయం చేసుకునే ఒప్పందాలున్నాయి. హెడ్జింగ్ అంటారు. రాయల్ కరీబియన్ ఏళ్ళ తరబడి అలా చేస్తోంది. కార్నివాల్ చాలాకాలం చేయలేదు, అది వాళ్ళ నిర్ణయం. తప్పనడం లేదు. కానీ హెడ్జింగ్ చేయగల కంపెనీ చేయకుండా ఉండి, ఆ బరువు తెచ్చి నెల్లూరు నుంచి వచ్చిన ఏ రిటైర్డు టీచరు మీదో పెట్టడం ఏమిటి? ఆయన చమురు మార్కెట్టులో ఏ ఒప్పందం చేసుకోగలడు?

మామయ్య: హెడ్జింగ్ కూడా ఊరికే రాదు. 2008 వేసవిలో భయపడి ఎక్కువ ధరకు ఖాయం చేసుకున్నవాళ్ళు ఆ డిసెంబరులో చేతులు కాల్చుకున్నారు. ఆ నష్టమూ చివరికి టికెట్టు మీదకే వస్తుంది. ఎటు తిప్పినా చమురు ఖర్చు మోసేది ప్రయాణికుడే.

సుధ: ధరగా మోయనివ్వండి. ముందే చెప్పిన ధరగా.

మామయ్య: ఇక ముందు కథ ఇంకా ఉంది. 2020 జనవరి నుంచి ఓడ ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5కి తగ్గాలన్నారు. మధ్యధరా సముద్రంలో 2025 మే నుంచి 0.1 శాతమే. యూరప్ రేవులకొచ్చే పెద్ద ఓడలు కర్బన ఉద్గారాలకు కూడా డబ్బు కట్టాలి. 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2025వి 70 శాతానికి, 2026 నుంచి మొత్తానికి. ఇదంతా మంచికే. నేను ఆ నల్ల పొగ పీల్చినవాణ్ణి. తీరం మీద ఉండే జనానికి దానివల్ల ఎంత కీడో నాకు తెలుసు. శుభ్రమైన ఇంధనం ప్రియం. ఓడెక్కే మనిషికి తన విహారానికి ఎంత చమురు కాలుతోందో బిల్లు మీద కనబడాలి. ధరలో కలిపేస్తే అది కనబడదు. నాకు ఇదే ముఖ్యం, సుధా, కంపెనీ లాభం కాదు.

సుధ: ఈ మాటని గౌరవిస్తాను, మామయ్యా. నిజంగా కాలిన చమురు లెక్క ఓడ వారీగా, ప్రయాణం వారీగా రాసి చూపిస్తే నేను మొదట చదువుతాను. తలకింత అనే అంకె ఏం చూపిస్తుంది? నెమ్మదిగా వెళ్ళే ఓడను ఎంచుకున్నవాడికి తగ్గదు, తీరం నుంచి కరెంటు తీసుకునే ఓడకు తగ్గదు. పైగా మీరు చెప్పినవేవీ హఠాత్తుగా పడ్డవి కాదు. తేదీలు, శాతాలు ఏళ్ళ ముందే ప్రకటించారు. వాటికి ధర కట్టలేకపోయామని ఏ కంపెనీ అనడానికి లేదు.

మామయ్య: మా సరుకు ఓడల్లో దీనికి ఒక పద్ధతుంది. బంకర్ అడ్జస్ట్‌మెంట్ ఫ్యాక్టర్ అంటాం. ఫలానా రేవులో ఇంధనం సగటు ధర ఇంత, ఫలానా దారిలో కంటెయినరుకు ఇంత కాలుతుంది, కాబట్టి ఈ మూడు నెలలకు ఇంత అని ముందే పట్టిక ఇస్తారు. ధర తగ్గితే పట్టికలో అంకె కూడా తగ్గుతుంది. సరుకు పంపేవాడు కళ్ళు మూసుకుని కట్టడు, తనూ లెక్కేసుకుంటాడు. నాకు సర్‌చార్జి అంటే కోపం రాకపోవడానికి కారణం బహుశా అదే. జీవితమంతా అలాంటిదే చూశాను.

సుధ: ప్రయాణికుడికి ఆ పట్టిక ఎవరిచ్చారు?

మామయ్య: ఇవ్వలేదు. ఇవ్వాలి.

ఇద్దరూ దగ్గరపడ్డారని నేను అనుకున్నాను. అంత తేలిగ్గా తెగలేదు.

సుధ: యూరప్‌లో దాదాపు అలాంటిదే చట్టంగా ఉంది. ప్యాకేజీ ప్రయాణాల మీద 2015లో చేసిన ఆదేశం, 2018 నుంచి అమల్లో ఉంది. క్రూజులు కూడా దాని కిందికే వస్తాయి. టికెట్టు అమ్మాక ధర పెంచాలంటే ఆ సంగతి కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి. అదీ ఇంధనం, పన్నులు, మారకం రేటు లాంటి కారణాలకే. బయల్దేరడానికి కనీసం 20 రోజుల ముందు, లెక్కతో సహా కారణం చెప్పాలి. పెంపు 8 శాతం దాటితే ప్రయాణికుడు పైసా పోగొట్టుకోకుండా రద్దు చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, పెంచే హక్కు రాసుకున్న కంపెనీ తగ్గించే బాధ్యత కూడా రాసుకోవాలి.

మామయ్య: అదే చట్టం నా పక్షాన కూడా ఉంది, గమనించావా? అంత కట్టుదిట్టమైన యూరప్ కూడా కొన్నాక పెంచకూడదని నిషేధించలేదు. ఎనిమిది శాతం లోపయితే కట్టి తీరాల్సిందే. ఇంధనం మిగతా ఖర్చుల్లాంటిది కాదని వాళ్ళూ ఒప్పుకున్నారు.

సుధ: ఒప్పుకున్నారు. నాకు ఆ ఎనిమిది కూడా ఎక్కువే. కానీ అమెరికాలో నాకు దొరికినదాంతో పోల్చండి. అక్కడ నాకు గడువు లేదు, లెక్క లేదు, తప్పుకునే దారి లేదు. ఒక అటార్నీ జనరల్ పట్టించుకున్నాడు కాబట్టి కొందరి డబ్బు వెనక్కొచ్చింది. కాలిఫోర్నియా 2024 జూలై నుంచి తప్పనిసరి ఛార్జీలన్నీ కలిపిన ధరనే ప్రకటించాలని చట్టం చేస్తే, పెద్ద క్రూజ్ కంపెనీలు పోర్టు ఫీజులు కలిపిన ధరలు చూపించడం మొదలుపెట్టాయి. చెప్పిస్తే చేస్తారు. చెప్పకపోతే చేయరు.

మామయ్య: సరే. నేను ఎంతవరకు వస్తానో చెబుతాను. టికెట్టు కొన్నవాడి దగ్గర మళ్ళీ అడగాల్సి వస్తే లెక్క చూపించాలి, తగ్గితే డబ్బుగానే వెనక్కివ్వాలి, వద్దన్నవాణ్ణి పోనివ్వాలి. ఇవి ఉంటే సర్‌చార్జి న్యాయమే. నువ్వు అసలు అడగనే కూడదంటావు. అక్కడికి నేను రాను.

సుధ: నేను అక్కడే ఉంటాను మామయ్యా. నెలల ముందే నా డబ్బు తీసుకుని వాడుకున్నవాళ్ళు ఆ నెలల్లో వచ్చే ఒడుదుడుకు కూడా తీసుకోవాలి. ముందస్తు డబ్బు వాళ్ళకి, ముందస్తు భయం నాకు అంటే కుదరదు.

వాదన ఇక్కడ ఆగింది. నేను సుధ వైపే ఉన్నాను. ఆమె చివర చెప్పిన కారణానికే. క్రూజ్ కంపెనీలు ప్రయాణికుల నుంచి ముందుగా తీసుకునే సొమ్ము చిన్నది కాదు, వాళ్ళ ఖాతాల్లో అది వందల కోట్ల డాలర్లు. ఆ డబ్బుకు వాళ్ళు మనకు వడ్డీ ఇవ్వరు. మనకు దక్కేదల్లా ధర మారదన్న హామీ. అది కూడా తీసేస్తే ముందుగా కట్టడంలో మనకు మిగిలేది ఏమీ లేదు. అయితే మామయ్య అడిగిన లెక్కల పట్టిక కూడా కావాలి. అది వస్తే ఈ వాదనలో సగం వేడి తగ్గిపోతుంది.

ఇది అమెరికా వెళ్ళినవాళ్ళ గొడవ అనుకోవడానికి లేదు. విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ 2023లోనే ప్రారంభమైంది. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య ఓడలు నడిచాయి. ఇంకా వస్తాయి. ఆ టికెట్లు కొనేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన చట్టాలు మన దగ్గర కూడా ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 అన్యాయపు కాంట్రాక్టును నిర్వచించింది. కొనేవాడిని నష్టపరిచే అసమంజసమైన ఛార్జీ, షరతు దాని కిందికి వస్తాయి. దాని మీద రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2023 నవంబరులో కేంద్రం విడుదల చేసిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాలు, కొనేటప్పుడు చూపిన మొత్తం కంటే తర్వాత ఎక్కువ వసూలు చేయడాన్ని డ్రిప్ ప్రైసింగ్ కింద తప్పుగా చెప్పాయి. కాబట్టి డబ్బు కట్టే రోజున తెర మీద కనిపించిన మొత్తాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. షరతుల్లో ఇంధనం అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి. కట్టేశాక మళ్ళీ అడిగితే ఊరికే కట్టకండి, లెక్క రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.